ఒక్క అడుగు అంటే ఎంత? మోడల్ చెకింగ్‌పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ఒకేసారి నడిచే ప్రోగ్రాములు ఉమ్మడి డేటా దగ్గర ఎలా తడబడతాయి, ఆ తడబాటును, ప్రోగ్రాం నమూనా (మోడల్) చేరగల స్థితులన్నిటినీ వెతికి చూసే మోడల్ చెకర్ అనే సాధనంతో ముందే ఎలా పట్టుకోవాలి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో ‘మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్’ అల్గారిథంలు చదువుతున్నాం. ఒక్కొక్కటీ అయిదారు వరుసలే ఉంటుంది. అంత చిన్న ప్రోగ్రాం సరైనదో కాదో జాగ్రత్తగా చదివితే తెలిసిపోదా? దానికి ప్రత్యేకంగా ఒక సాధనం ఎందుకు?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

చదివి తేల్చుకోగలమన్న నమ్మకం ఈ రంగంలో మొదటినుంచీ ఉన్నదే. అది ఎంత బలహీనమైనదో 1966 నాటి ఒక ఉదంతం చెబుతుంది. ఒకే లైను ఉన్న రైలు మార్గంలో రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక బండే ఉండాలన్నట్టు, ఉమ్మడి డేటాను మార్చే క్రిటికల్ సెక్షన్‌లో ఒక సమయంలో ఒక ప్రాసెసే, అంటే నడుస్తున్న ఒక ప్రోగ్రామే, ఉండాలి; మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ అంటే ఇదే. ఎన్ని ప్రాసెస్‌లకైనా పనికివచ్చే పరిష్కారాన్ని ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లో ప్రచురించారు. రెండు ప్రాసెస్‌లకు సరిపోయే సరళమైన రూపం అంటూ హ్యారిస్ హైమన్ 1966 జనవరిలో ఏసీఎం సంస్థ పత్రికలో ఒక చిన్న అల్గారిథం ప్రచురించారు. అది తప్పని డొనాల్డ్ క్నూత్ అదే ఏడాది మే నెలలో అదే పత్రికలో చూపించారు.

ఆ అల్గారిథం ఇదీ. ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కో జెండా ఉంటుంది. ఇద్దరికీ ఉమ్మడిగా ‘వంతు’ అనే చలరాశి ఒకటి ఉంటుంది. లోపలికి వెళ్లదలచిన ప్రాసెస్ ముందు తన జెండా ఎత్తుతుంది. వంతు తనదైతే నేరుగా లోపలికి వెళ్తుంది. తనది కాకపోతే ఎదుటివారి జెండా దిగేదాకా ఆగుతుంది, దిగి ఉందని చూశాక వంతును తన పేరు మీదికి మార్చుకుంటుంది, మళ్లీ ఒకసారి వంతు చూసుకుని లోపలికి వెళ్తుంది. పని అయ్యాక జెండా దించుతుంది. ఎన్నిసార్లు చదివినా సబబుగానే అనిపిస్తుంది.

ఇప్పుడు వంతు మొదటి ప్రాసెస్‌దనీ, అది ఇంకా ఏమీ అడగలేదనీ అనుకోండి. రెండవ ప్రాసెస్ జెండా ఎత్తింది, వంతు తనది కాదని చూసింది, మొదటిదాని జెండా దిగి ఉందని కూడా చూసింది. వంతును మార్చబోయే లోపు, ఏ ప్రాసెస్ ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్ దాన్ని ఆపేసింది. ఆ విరామంలో మొదటి ప్రాసెస్ తన జెండా ఎత్తి, వంతు తనదే కనుక రెండో ఆలోచన లేకుండా లోపలికి వెళ్లిపోయింది. తర్వాత రెండవది తిరిగి మేల్కొని, ఎప్పుడో చూసిన జెండాను నమ్మి వంతును తన పేరు మీదికి మార్చుకుంది, మళ్లీ చూస్తే వంతు తనదే, లోపలికి వెళ్లింది. ఇద్దరూ లోపలే ఉన్నారు.

జెండా చూడటం, వంతు మార్చడం అనే రెండు పనులను మనసు ఒకే అడుగుగా కలిపేసుకుంటుంది కాబట్టే చదివేటప్పుడు ఈ తప్పు కంటపడదు. నిజంగానే ఆ రెండూ విడదీయరాని ఒక్క అడుగైతే ఈ అల్గారిథంలో ఇద్దరూ లోపల కలవడం అసాధ్యం. మోడల్ చెకర్‌కు అలా కలిపేసుకునే అలవాటు లేదు. ఏ ప్రాసెస్ ఏ వరుస దగ్గర ఉంది, ఏ చలరాశిలో ఏ విలువ ఉంది అన్న మొత్తం చిత్రాన్ని అది ఒక ‘స్థితి’గా తీసుకుంటుంది. ఆ స్థితి నుంచి ఏ ప్రాసెస్ ముందడుగు వేసినా ఏ కొత్త స్థితి వస్తుందో లెక్కిస్తుంది, కొత్తగా తగిలిన స్థితులన్నీ అయిపోయేదాకా ఇలా వెతుకుతూనే పోతుంది. నిషిద్ధమైన స్థితి కనబడితే అక్కడికి చేర్చిన అడుగులను వరుసగా మన ముందు పెడుతుంది. పైన నేను చెప్పిన క్రమం లాంటిదాన్ని స్పిన్ అనే సాధనం కన్నుమూసి తెరిచేలోగా రాసి ఇస్తుంది. ఈ పద్ధతికి 1981లో అమెరికాలో ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్, 1982లో ఫ్రాన్స్‌లో కైల్, జోసెఫ్ సిఫాకిస్ విడివిడిగా పునాది వేశారు. క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

ప్రశ్న: మా బృందం ప్రతి కొత్త కోడ్‌నూ రాత్రంతా లక్షలసార్లు స్ట్రెస్ టెస్ట్ చేస్తుంది. అన్నిసార్లు నడిపినా బయటపడని తప్పును మోడల్ చెకర్ పట్టుకుంటుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. అన్ని దారులనూ అది ఎలా చూడగలదు?
— సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్

పది అడుగులు వేసే త్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు) రెండు ఉంటే, వాటి అడుగులు ఒకదానిలో ఒకటి కలిసే క్రమాలు 1,84,756. అలాంటి త్రెడ్లు మూడైతే ఆ సంఖ్య 5.55 లక్షల కోట్లు దాటుతుంది. మీ లక్ష పరుగులూ ఈ క్రమాల్లో లక్ష వేర్వేరు క్రమాలను చూశాయని అనుకోవడానికి కూడా లేదు. షెడ్యూలర్ ఒక త్రెడ్‌కు సమయం ఇస్తే అది సాధారణంగా వేల అడుగులు ఆగకుండా వేస్తుంది, కనుక టెస్టులన్నీ దాదాపు ఒకే రకం దారుల్లో తిరుగుతాయి. హైమన్ అల్గారిథం చెడాలంటే సరిగ్గా రెండు వరుసల మధ్య ఆగిపోవాలి. మీ టెస్టు యంత్రం మీద అది ఏళ్ల తరబడి జరగకపోవచ్చు. వేల సర్వర్ల మీద, పండుగ అమ్మకాల రద్దీలో, ఒక గంటలోనే జరగవచ్చు.

చెకర్ బలమంతా దారులను కాక స్థితులను లెక్కపెట్టడంలో ఉంది. లక్ష దారులు ఒకే స్థితికి చేరితే, అక్కడి నుంచి ముందుకు జరగగలిగేవి అన్ని దారులకూ అవే కనుక ఆ స్థితిని ఒక్కసారి చూస్తే చాలు. గ్యారీ పీటర్సన్ 1981లో ప్రచురించిన అల్గారిథంనే తీసుకోండి. బయట ఉండటం, జెండా ఎత్తి ఉండటం, వంతును ఎదుటివారికి ఇచ్చి, ఎదుటి జెండా దిగేదాకా లేదా వంతు తనకు తిరిగి వచ్చేదాకా ఎదురుచూడటం, లోపల ఉండటం అని ఒక్కో ప్రాసెస్‌కు నాలుగు స్థానాలు; ‘వంతు’కు రెండు విలువలు; జెండా ఏ స్థానంలో ఎలా ఉంటుందో స్థానమే చెబుతుంది. ఎదురుచూపులోని పరీక్షను ఒక్క అడుగుగా తీసుకుంటే 4 × 4 × 2, అంటే 32 స్థితులకు మించి ఉండవు. ఈ రెండు ప్రాసెస్‌లు అనంతకాలం నడిచినా తిరిగేది ఆ 32 గదుల్లోనే. అన్నీ చూశాక ఇద్దరూ లోపల ఉన్న గది చేరదగినది కాదని తేలితే, ఆ మోడల్ మేరకు అది నిరూపణే.

అసలు ప్రోగ్రాముల్లో మాత్రం స్థితుల సంఖ్య చలరాశి చలరాశికీ గుణకారంలో పెరుగుతుంది. ఈ రంగంలో అందరూ భయపడే ‘స్టేట్ ఎక్స్‌ప్లోజన్’ అంటే ఇదే. దీనికి రెండు గొప్ప ఉపాయాలు వచ్చాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని అడుగులను ఏ క్రమంలో వేసినా ఫలితం ఒకటే కనుక ఒక క్రమాన్ని మాత్రమే చూడటం మొదటిది. స్పిన్ దీన్ని వాడుతుంది. స్థితులను ఒక్కొక్కటిగా దాచకుండా గుంపులు గుంపులుగా తార్కిక సూత్రాల రూపంలో దాచడం రెండోది. 1990ల తొలినాళ్లలో క్లార్క్, కెన్ మెక్‌మిలన్ బృందం దీనితో 1 పక్కన 20 సున్నాలున్నన్ని స్థితులను పరిశీలించింది. ఇంత ఉన్నా మీ సర్వీసు కోడ్ మొత్తాన్ని తెచ్చి చెకర్‌లో వేయలేరు. దానిలో లాకులు, క్యూలు, జెండాలు ఉన్న గుండెకాయ లాంటి భాగాన్ని వేరుచేసి, దానికే మోడల్ రాయాలి. ఆ వేరుచేయడమే ఈ పనిలో అసలైన నైపుణ్యం. అందుకని స్ట్రెస్ టెస్టులు ఆపేయమని కూడా నేను అనడం లేదు, ఎందుకంటే మోడల్‌కూ కోడ్‌కూ మధ్య దొర్లే తప్పులు వాటికే దొరుకుతాయి.

ప్రశ్న: జావాలో మేమే రాసుకున్న చిన్న క్యూ ఒకటి ఉంది. లోపల, త్రెడ్‌ను లాక్ వదిలించి నిద్రపుచ్చే ‘వెయిట్’, నిద్రలో ఉన్న ఒకదాన్ని లేపే ‘నోటిఫై’ వాడాం; వెయిట్‌ను పుస్తకాల్లో చెప్పినట్టే, లేచాక పరిస్థితిని మళ్లీ చూసుకునే వైల్ లూప్‌లో పెట్టాం, అంతా సింక్రొనైజ్డ్‌గానే, అంటే లాక్ చేతిలో ఉన్న ఒక్కరే డేటాను ముట్టుకునేలా, ఉంది. అయినా కొన్ని నెలలకోసారి సర్వీసు మొత్తం ఆగిపోతుంది. ఏ త్రెడ్ ఎక్కడ ఉందో చూపే థ్రెడ్ డంప్ తీస్తే అందరూ వెయిట్‌లోనే ఉంటారు, క్యూ ఖాళీగా ఉంటుంది. క్యూ ఖాళీ అయితే వస్తువులు పెట్టేవాడు ఎందుకు నిద్రపోతున్నాడు?
— ఒక తెలుగు ఇంజినీరు, బెంగళూరు

మీ ఉత్తరంలోని చివరి వాక్యమే మోడల్ చెకర్‌కు ఇవ్వవలసిన ప్రశ్న. మీ క్యూను చిన్నది చేసి చూద్దాం: ఒక వస్తువు మాత్రమే పట్టే క్యూ, పెట్టేవాడు ఒకడు, తీసేవాళ్లు ఇద్దరు, ఒక్కొక్కరూ ఒక్కో త్రెడ్. ముగ్గురూ నిద్రపోయే స్థితి ఉందా అని అడిగితే, చెకర్ ఇలాంటి కథ చెబుతుంది.

తీసేవాడు ఒకటి వచ్చాడు, క్యూ ఖాళీ, నిద్రపోయాడు. తీసేవాడు రెండు వచ్చాడు, ఖాళీ, అతడూ నిద్రపోయాడు. పెట్టేవాడు వచ్చి వస్తువు పెట్టి నోటిఫై అన్నాడు. తీసేవాడు ఒకటికి మెలకువ వచ్చింది గానీ లాక్ ఇంకా చేతికి రాలేదు. ఈలోగా పెట్టేవాడే మళ్లీ లాక్ తీసుకుని రెండో వస్తువు పెట్టబోయాడు. క్యూ నిండి ఉంది కనుక అతడూ నిద్రపోయాడు. ఇప్పుడు తీసేవాడు ఒకటి లాక్ అందుకుని, వస్తువు తీసుకుని, నోటిఫై అన్నాడు. నిద్రలో ఇద్దరున్నారు: పెట్టేవాడు, తీసేవాడు రెండు. నోటిఫై వాళ్లలో ఎవరో ఒకరినే లేపుతుంది, ఎవరిని లేపాలో చెప్పే వీలు మీకు లేదు. అది తీసేవాడు రెండును లేపింది. తీసేవాడు ఒకటి మళ్లీ వచ్చాడు, ఖాళీ, నిద్రపోయాడు. తీసేవాడు రెండు లేచి వైల్ లూప్‌లో మళ్లీ చూశాడు, ఖాళీ, తిరిగి నిద్రపోయాడు. క్యూ ఖాళీగా ఉంది, ముగ్గురూ నిద్రలో ఉన్నారు, లేపేవారు ఎవరూ మిగలలేదు.

ఎవరూ నియమం తప్పలేదు, లాక్ లేకుండా ఎవరూ డేటాను ముట్టుకోలేదు. పెట్టేవాడికి చేరవలసిన మేలుకొలుపు తీసేవాడికి చేరింది, అంతే. మీ టెస్టుల్లో ఇది కనబడకపోవడానికి కూడా కారణం ఉంది. ఈ తరహా క్యూలో ఇలా అందరూ నిద్రపోవాలంటే పెట్టేవాళ్లు, తీసేవాళ్లు కలిపి త్రెడ్ల సంఖ్య క్యూ సామర్థ్యానికి రెట్టింపు కంటే ఎక్కువ ఉండాలి. పది పట్టే క్యూను పదహారు త్రెడ్లతో ఏడాది పాటు పరీక్షించినా తప్పు రాదు. సర్వరు మీద త్రెడ్లు 21 అయిన రోజు నుంచి ఎప్పుడైనా రావచ్చు. చెకర్‌తో పనిచేసేవారు క్యూ సామర్థ్యాన్ని 1కి, త్రెడ్లను మూడు నాలుగుకు కుదించి మొదలుపెట్టడం ఇందుకే: పెద్ద సంఖ్యల్లో అరుదుగా వచ్చే స్థితి చిన్న సంఖ్యల్లో నాలుగడుగుల దూరంలో ఉంటుంది.

మందు తెలిసిందే. నోటిఫై బదులు, నిద్రలో ఉన్న అందరినీ లేపే నోటిఫైఆల్ వాడండి. లేదా ఒకే లాక్ మీద ‘ఖాళీ ఉంది’, ‘వస్తువు ఉంది’ అని రెండు వేర్వేరు కండిషన్లు (వేచి ఉండే వరుసలు) పెట్టి, ఎవరి మేలుకొలుపు వారికే చేరేలా చేయండి. జావా లైబ్రరీలోని అర్రే బ్లాకింగ్ క్యూ రెండో పద్ధతిలోనే కట్టింది. నిజానికి దాన్నే వాడుకోవడం అన్నిటికంటే మేలు.

మేలుకొలుపు దారితప్పడం వల్ల అంతరిక్ష నౌకకే చిక్కు వచ్చింది. నాసా వారి డీప్ స్పేస్ 1 నౌకను భూమి నుంచి ఆదేశాలు లేకుండా నడిపేందుకు రాసిన రిమోట్ ఏజెంట్ అనే ప్రోగ్రాంలో కొంత భాగానికి 1997లో స్పిన్ మోడల్ రాసి పరిశీలించగా అయిదు తప్పులు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఇది: ‘కొత్త సంఘటన ఏమైనా వచ్చిందా’ అని చూసి, రాలేదని నిర్ధారించుకుని నిద్రపోయే త్రెడ్‌కు, చూడటానికీ నిద్రపోవడానికీ మధ్య లాక్ లేదు, సరిగ్గా ఆ సందులో వచ్చిన సంఘటన ఎవరికీ తెలియకుండా పోతుంది. వాటిని సరిదిద్దారు. కానీ 1999 మేలో, నౌక కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండగా, రిమోట్ ఏజెంట్ డెడ్‌లాక్‌లో (ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఎవరూ కదలలేని స్థితిలో) చిక్కుకుని ఆగిపోయింది. కారణం అదే జాతి తప్పు; మోడల్ రాయని మరో భాగంలో ఉండిపోయింది. పరిశీలించిన భాగంలో దొరికింది, పరిశీలించని భాగంలో మిగిలింది. చెకర్ విలువ గురించీ హద్దుల గురించీ ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు తెలియదు.

ప్రశ్న: పీటర్సన్ అల్గారిథంను మా విద్యార్థులు స్పిన్‌లో పరిశీలించారు, ఏ తప్పూ లేదని వచ్చింది. దాన్నే సీ భాషలో మామూలు చలరాశులతో రాసి, ఇద్దరు త్రెడ్లతో ఒక కౌంటర్‌ను లక్షలసార్లు పెంచితే మొత్తం తక్కువ వస్తోంది. సాధనం తప్పా, మేము తప్పా?
— కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, విజయవాడ

సాధనం అడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చింది. మీ మోడల్‌లో ‘జెండా ఎత్తు’ అనేది ఒక్క అడుగు: రాసిన మరుక్షణం అందరికీ కనబడుతుంది. మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో అది రెండు అడుగులు. రాసిన విలువ ముందు, ఆ త్రెడ్‌ను నడిపే కోర్‌కు (ప్రాసెసర్‌లోని గణన భాగానికి) సొంతమైన స్టోర్ బఫర్ అనే తాత్కాలిక నిల్వలో చేరుతుంది. అక్కడి నుంచి ఉమ్మడి మెమరీకి తర్వాత ఎప్పుడో వెళ్తుంది. ఈలోగా ఆ కోర్ తర్వాతి రీడ్‌లను ఆపకుండా చేసుకుంటూ పోతుంది. కాబట్టి మొదటి త్రెడ్ జెండా ఎత్తి, వంతు ఇచ్చి, ఎదుటి జెండా చూస్తుంది. రెండవదీ అదే చేస్తుంది. ఇద్దరి రాతలూ ఇంకా ఎవరి బఫర్‌లో వారివే ఉన్నాయి కనుక ఇద్దరికీ ఎదుటి జెండా దిగి ఉన్నట్టే కనబడుతుంది, ఇద్దరూ లోపలికి వెళ్తారు.

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో రాతలు తమలో తాము క్రమం తప్పవు, రాత తర్వాతి రీడ్ మాత్రమే ముందుకు దూకుతుంది. అందువల్ల వంతు రాయడానికీ ఎదుటి జెండా చదవడానికీ మధ్య, ముందటి రాతలు మెమరీకి చేరేదాకా తర్వాతి రీడ్‌లను ఆపే మెమరీ ఫెన్స్ ఒకటి పెడితే అక్కడ హార్డ్‌వేర్ సంగతి చక్కబడుతుంది. ఏఆర్ఎం ప్రాసెసర్లలో రాతల క్రమం కూడా మారవచ్చు. వీటికి మించి కంపైలర్ ఉంది: మామూలు చలరాశి లూప్ లోపల మారదని అనుకుని, దాన్ని ఒక్కసారే చదివి ఊరుకునే హక్కు దానికి ఉంది. అందుకే సీ11 ప్రమాణంలోని అటామిక్ చలరాశులను, వాటి సహజ క్రమమైన సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీతోనే (అన్ని అడుగులూ అందరికీ ఒకే క్రమంలో కనబడే హామీతోనే) వాడమని విద్యార్థులకు చెప్పండి. వేగం కోసం రాతలకు రిలీజ్, రీడ్‌లకు అక్వైర్ అనే తక్కువ హామీలకు సడలిస్తే, ఇక్కడ కావలసిన ‘రాత తర్వాతే రీడ్’ అన్న ఆ ఒక్క క్రమమే పోతుంది.

మీ తరగతికి ఒక మంచి అభ్యాసం కూడా ఇందులో ఉంది. స్పిన్ భాష అయిన ప్రొమేలాలో ఒక్కో ప్రాసెస్‌కు ఒక చిన్న ఛానెల్‌ను (సందేశాల వరుసను) స్టోర్ బఫర్‌గా పెట్టించండి. రాత అంటే ఛానెల్‌లో వేయడం. ఛానెల్ నుంచి మెమరీకి చేర్చేందుకు వేరే ప్రాసెస్. చదివేటప్పుడు ముందు తన బఫర్, తర్వాత మెమరీ. అదే పీటర్సన్ అల్గారిథంలో అప్పుడు చెకర్ తప్పు చూపిస్తుంది. ఫెన్స్ కలిపి నడిపితే తప్పు మాయమవుతుంది. ప్రాసెసర్ల ఈ స్వభావాన్ని సూత్రాలుగా రాసి, చిన్న చిన్న కోడ్ ముక్కలకు ఏ ఫలితాలు సాధ్యమో తేల్చే హెర్డ్ అనే సాధనం కూడా ఉంది. లైనక్స్ కెర్నెల్ 2018లో తన మెమరీ మోడల్‌ను ఈ సాధనం చదవగల రూపంలోనే కెర్నెల్ సోర్స్‌లో చేర్చుకుంది.

ప్రశ్న: మోడల్ చెకర్ ‘తప్పులు లేవు’ అంటే దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? కొత్తగా నేర్చుకునేవారు దేనితో మొదలుపెట్టాలి?
— పలువురు పాఠకులు

మీరు అడిగినదాని మేరకు, మీరు పెట్టిన సంఖ్యల మేరకు నమ్మవచ్చు. ముగ్గురు త్రెడ్లకు సరైన అల్గారిథం ముప్పై మందికీ సరైనదేనని చెకర్ చెప్పదు. ఎందరికైనా అని తేల్చే సర్వసాధారణ యాంత్రిక పద్ధతి ఉండదని క్రిజ్‌టాఫ్ ఆప్ట్, డెక్స్‌టర్ కోజెన్ 1986లో నిరూపించారు. అంత హామీ కావాలంటే చేతితోనో, ప్రూఫ్ సాధనంతోనో నిరూపణ రాయాలి. ఇద్దరూ ఒకేసారి లోపల ఉండరు అని మాత్రమే అడిగితే, ఎవరినీ ఎప్పటికీ లోపలికి రానివ్వని అల్గారిథం కూడా ఆ పరీక్ష నెగ్గుతుంది. కనుక ‘అడిగిన ప్రతివారూ ఎప్పటికైనా లోపలికి వెళ్తారు’ అన్న రెండో ప్రశ్న కూడా వేయాలి, వేసేటప్పుడు షెడ్యూలర్ ఏ ప్రాసెస్‌నూ శాశ్వతంగా మరచిపోదన్న షరతు పెట్టాలి. ఇది చిన్న విషయం కాదు. డైక్‌స్ట్రా 1965 నాటి పరిష్కారంలోనే ఒక ప్రాసెస్‌కు వంతు ఎన్నటికీ రాకపోయే అవకాశం ఉందని క్నూత్ 1966 నాటి అదే లేఖలో చూపించి, ఆ లోపం లేని అల్గారిథం ఇచ్చారు.

లాకులు, త్రెడ్ల స్థాయి పనికి గెరార్డ్ హోల్జ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన స్పిన్ అనుకూలం. అనేక యంత్రాల మధ్య నడిచే ప్రొటోకాల్‌లకైతే లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్ మేలని నా అభిప్రాయం. అమెజాన్ ఇంజినీర్లు 2015లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, తమ డేటాబేస్ సర్వీసైన డైనమోడీబీలో డిజైన్ సమీక్షలు, కోడ్ సమీక్షలు, టెస్టులు అన్నీ దాటిపోయిన ఒక తప్పును టీఎల్ఏ ప్లస్ పట్టుకుంది; ఆ తప్పుకు చేర్చే అతి చిన్న దారిలోనే 35 అడుగులున్నాయి. ఈ రెండు సాధనాలూ ఉచితంగానే దొరుకుతాయి.

ఒక అలవాటు మాత్రం మొదటి రోజు నుంచే చేసుకోండి. చెకర్ ‘తప్పులు లేవు’ అనగానే మోడల్‌ను మూసేయకండి. ఒక జెండా ఎత్తే వరుసను తీసేయండి, లేదా వంతు ఇచ్చే వరుసను జెండా కంటే ముందుకు జరపండి, మళ్లీ నడపండి. పీటర్సన్ అల్గారిథంలో ఈ రెండు మార్పుల్లో దేనికైనా ఇద్దరూ లోపల కలిసే దారి రావాలి. రాకపోతే మీ షరతు తప్పుగా రాసినట్టో, ప్రాసెస్‌లు ఆ వరుసల దాకా వెళ్లనే లేనట్టో లెక్క; ముందు దాన్ని సరిచేసుకుని, ఆ తర్వాత అసలు మోడల్‌ను మళ్లీ నడపండి.